జ్ఞానాంబ ప్రకటించిన మూఢం

మా వీధి చరిత్ర రాయదలచిన వారెవరైనా దాన్ని రెండు యుగాలుగా విభజించక తప్పదు. జ్ఞానాంబ తన ఇంటి మెట్ల గోడకు క్యాలెండరు తగిలించక ముందు కాలం ఒకటి, తగిలించిన తరువాతి కాలం ఇంకొకటి. మొదటి యుగంలో ఇక్కడి జనం ఎప్పుడు పడితే అప్పుడు గడప దాటేవారు. వర్జ్యమని గానీ దుర్ముహూర్తమని గానీ తెలియని అంధకారంలోనే కూరగాయలు కొనేవారు, గొడవలు పడేవారు, పిల్లలను కనేవారు. రెండో యుగంలో ప్రతి ఉదయం జ్ఞానాంబ ఒక చేతిలో కాఫీ గ్లాసు, ఇంకో చేతిలో కళ్లజోడు పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. ఆనాటి తిథి వార నక్షత్రాలను, రాహుకాలంతో సహా, వీధి మొత్తానికి వినిపించేది. కళ్లజోడు పెట్టుకోవడానికి కాదు. రాజుల చేతిలో దండం ఎందుకుంటుందో అందుకు.

ఈ పఠనం వల్ల సమాజానికి కలిగిన మేలు ఇంతా అంతా కాదు. సోమవారం రాహుకాలం ఏడున్నరకు మొదలై తొమ్మిదికి ముగుస్తుంది. కాలేజీలో మొదటి గంట కూడా తొమ్మిదికే. కాబట్టి జ్ఞానాంబ పైవాటాలో అద్దెకున్న ఆడపిల్లలు సోమవారం మొదటి గంటకు వేళకు చేరిన దాఖలా లేదు. దీన్ని కాలేజీ వాళ్లు హాజరు లోపమన్నారు, జ్ఞానాంబ రక్షణ అంది. ఆ పిల్లలు ఏటా పాసవుతూనే ఉన్నారు. చదివినందువల్ల పాసవుతున్నామని వాళ్లు అనుకునేవాళ్లు. జ్ఞానాంబ పెద్దమనసుతో ఆ భ్రమను అలాగే ఉండనిచ్చేది.

ఆమె పుట్టింది పలమనేరు దగ్గర, పాడి ఉన్న ఇంట్లో. పెళ్లయి తిరుపతికి వచ్చింది. భర్త జయరావు ఆర్టీసీ డ్రైవరు. కొండ మీదికి ఘాట్ రోడ్డులో ఉద్యోగమున్నంత కాలం బస్సు నడిపి, ఒక్క కోడిని కూడా తొక్కించకుండా రిటైరయిన మనిషి. ఆ ఘనత క్యాలెండరుదని ఆమె అనేది, బ్రేకులదని ఆయన అనేవాడు. ఈ వాదం తేలకముందే ఆయన కన్నుమూశాడు. పోయేముందు చేసిన మంచి పని ఒకటుంది. మా వీధి ఇంకా వేరుశనగ చేనుగా ఉన్నప్పుడే ఇక్కడ స్థలం కొని, కింద తమకూ పైన అద్దెకూ ఇల్లు కట్టాడు. తరువాత దగ్గర్లోనే కాలేజీ వచ్చింది. కాలేజీ వెంట పిల్లలు వచ్చారు. పిల్లల వెంట కర్రీ పాయింటు, జెరాక్స్ షాపు, ఇస్త్రీ బండి, గీజరు బాగుచేసేవాడు, అన్నీ వచ్చాయి. జయరావు లేని ఇంట్లో జ్ఞానాంబ పొయ్యి వెలుగుతున్నదంటే పైవాటా అద్దె వల్లే. ఆ వాటాలో నలుగురు ఆడపిల్లలుండేవారు. నలుగురికి మించి ఉండరాదన్నది ఆమె పెట్టిన చట్టం. ఆ చట్టానికి కారణం బాత్రూము జాలీ. నలుగురు ఆడపిల్లల తలవెంట్రుకలు ఆ జాలీలో చేరి నీళ్లు పోనివ్వక చేసే ఆగడం మీద ఆమె వారానికొకసారి ప్రసంగించేది.

ఇలా సాగుతున్న యుగంలోకి ఒకరోజు జెరాక్స్ షాపు జిలాన్ ఒక మాట తెచ్చాడు. వీధి మొగలో షాపు కాబట్టి ప్రతి పిల్ల సర్టిఫికెటూ అతని చేతుల మీదుగానే పోతుంది. అందుచేత చదువుల విషయంలో తన మాటకు చాలా విలువ ఉందని అతని నమ్మకం.

"అవ్వా, విన్నారా? ఫీజు కోసేస్తారంట."

"ఏం కోస్తారు?"

"ఫీజు. గవర్మెంటోళ్లు పిల్లోళ్ల ఫీజు కాలేజీకి కడతా ఉండారు కదా? అది ఇంగ అందరికీ ఇయ్యరంట. ఇచ్చేటోళ్లకి కూడా సగమేనంట."

"ఎవురు చెప్పినారు?"

"అందురూ చెప్తా ఉండారు."

"అందురూ అంటే ఎవురప్పా?"

"నేను చెప్పినోళ్లందురూ."

జ్ఞానాంబ కాఫీ గ్లాసు గోడ మీద పెట్టింది. "మిగతా సగం ఎవురు కట్టేది?"

"నాయనలు."

"నాయనల దగ్గిర యాడుంటాది?"

"ఉండదు. అందుకే ముందు రూములు ఖాళీ చేపిస్తారు. ఫీజు తగ్గించుకునేదానికి కాదు, తిండి తగ్గించుకునేదానికి కాదు. తగ్గించుకునేదానికి అయ్యేది రూమొక్కటే."

జిలాన్ చెప్పిన మాటల్లో ఇదొక్కటే అతను ఎక్కడా వినకుండా, స్వయంగా ఆలోచించి చెప్పింది. దురదృష్టం ఏమిటంటే అది నిజంలాగా వినబడింది.

రెండు రోజుల్లో వీధికి భయం పట్టుకుంది. మా వీధి భయపడితే అరవదు, గేట్లకు వేలాడుతుంది. ఒక గేటుకు 'టు-లెట్' పలక కనబడింది. దాన్ని చూసి పక్కింటివాళ్లు, తమ వాటా నిండుగానే ఉన్నా, ముందుజాగ్రత్తగా ఇంకొకటి రాయించి పెట్టుకున్నారు. కర్రీ పాయింటులో సాంబారు పలచబడింది. అందరికన్నా ఎక్కువ కంగారుపడింది ఎదురింటి గుణశేఖర్. డీలక్స్ రూములని ఇంటికి పేరు పెట్టి, ఆ పేరుకు తగ్గట్టు మూడో అంతస్తు లేపుతున్నాడు.

"అత్తా, నేను లిఫ్టుకు గుంత కూడా తీపించేసినాను" అన్నాడు, జ్ఞానాంబ అరుగు మీద కూలబడి.

"పూడ్చేయ్."

"పూడిస్తే బయపడినాడని తెలిసిపోదా?"

"మరి బయపడలేదా నువ్వు?"

"బయపడినాను. తెలిసేది వద్దంటా ఉండాను."

అప్పుడే వచ్చిన జిలాన్ ఒక ఉపాయం చెప్పాడు. "పిల్లోళ్లు పోతే పోనీ అన్నా. కొండకొచ్చే యాత్రికులకి రోజువారీగా ఇచ్చేయండి. గుండు కొట్టించుకోని వస్తారు కదా, అవ్వ బాత్రూము జాలీకి కూడా శాంతి."

గుణశేఖర్ నవ్వాడు. జ్ఞానాంబ నవ్వలేదు. రోజుకొక కొత్త మొహం మెట్లెక్కే ఇంటి కింద, ఒంటరి ఆడది తలుపు గడియ ఎన్నిసార్లు సరిచూసుకోవాలో మగవాళ్లకు చెప్పినా అర్థం కాదని ఆమె ఊరుకుంది.

ఆ సాయంత్రం ఆమె మెట్ల కింద బియ్యం ఏరుతుండగా పైవాటా లోహిత మెట్ల మలుపులో కూర్చుని ఫోన్లో మాట్లాడుతోంది. లోహితది పుత్తూరు పక్క పల్లె. నలుగురిలో గట్టి పిల్ల. ఆ పిల్ల గొంతు ఆ రోజు చాలా చిన్నగా ఉంది.

"అట్లనే నాయనా... ఇంగేం చేస్తాం... ఖాళీ చేసేస్తాలే. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు ఇంటికొస్తా... లేదు నాయనా, ఏడవలేదు. జలుబు."

జ్ఞానాంబ చేతిలో ఏరిన రాయి మళ్లీ బియ్యంలోనే పడింది. ఒక పిల్ల పోతే ఆ వంతు అద్దె మిగతా ముగ్గురి మీద పడుతుంది. ముగ్గురి నాయనలూ లోహిత నాయన లాంటి వాళ్లే. కాబట్టి ఒకరు పోవడమంటే నలుగురూ పోవడమే. ఆ లెక్క ఆమెకు చెప్పేవాళ్లు అక్కర్లేదు. మరునాడు పైకి వెళ్లినప్పుడు జాలీలో పిడికెడు వెంట్రుకలు కనబడ్డాయి. ఆమె ఒక్క మాట అనకుండా వాటిని తీసి, కాగితంలో చుట్టి పారేసి వచ్చింది. ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారు.

ఆదివారం లోహిత నాయన చిన్నబ్బ మోటారుసైకిలు మీద దిగాడు. వెనక సీటుకు గోతాలు, తాళ్లు కట్టి ఉన్నాయి. ఆ తాళ్లను చూడగానే జ్ఞానాంబ గేటు దగ్గరికి వచ్చింది. కళ్లజోడు చేతిలోకి తీసుకుంది.

"ఆషాడంలో ఇల్లు కదిలిస్తావా చిన్నబ్బా?"

చిన్నబ్బ తాడు విప్పుతున్న చెయ్యి ఆగింది. "ఇల్లు కాదు కదమ్మా. ఒక ట్రంకు పెట్టి, ఒక పరుపు."

"ట్రంకు పెట్టికి ఆషాడం ల్యాదా? సదువుకునే బిడ్డ సామాను. నీ ఇష్టమప్పా, నేనేం చెప్పను."

నేనేం చెప్పను అన్నప్పుడు ఆమె ఎంత చెప్పేదో మా వీధిలో అందరికీ తెలుసు. చిన్నబ్బకూ తెలిసింది. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. "చెయ్యి ఇరిగితే మా పుత్తూరులో కట్టు కడతారమ్మా. ఎముకలు అతుక్కుంటాయి. ఫీజు ఇరిగితే యాడికి తీసకపోయేది?" అన్నాడు. జ్ఞానాంబ అతని గ్లాసులో ఇంకొంచెం మజ్జిగ పోసింది. ఆయన గోతాలు మడిచి పెట్టుకుని, ఆషాఢం వెళ్లాక వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

ఆషాఢం నిజంగానే ఉంది కాబట్టి ఇంతవరకు శాస్త్రానికి లోపం జరగలేదు. కానీ ఎంత నిజమైన ఆషాఢమైనా నెల దాటి ఉండదు. శ్రావణం దగ్గరపడే కొద్దీ జ్ఞానాంబకు అన్నం సహించలేదు. గిరాకీ తగ్గి కర్రీ పాయింటు వాడు బయటి బల్ల ఒకటి లోపల పెట్టేశాడు. ఫీజు సంగతి అడిగితే ఒకడు ఉందన్నాడు, ఒకడు లేదన్నాడు, కాలేజీవాళ్లు మాత్రం ఎందుకైనా మంచిది డబ్బులు సిద్ధం చేసుకోమన్నారు. ఆ చివరి మాటే అన్నిటికన్నా భయపెట్టింది.

శ్రావణ మాసం మొదటి ఉదయం ఆమె గేటు దగ్గర నిలబడి, తిథి చెప్పి, వారం చెప్పి, ఒక్క క్షణం ఆగింది. తరువాత స్పష్టంగా ప్రకటించింది.

"శుక్ర మూఢం. చవితి పండగ దాటేదాకా ఇల్లు మారకూడదు, సామాను కదిలించకూడదు."

క్యాలెండరులో అలాంటి మూఢం లేదు. అన్నేళ్ల పఠనంలో ఆమె లేనిది చదవడం అదే మొదలు. పిల్లలు పాఠాల్లో పూర్తిగా మునిగితే, బస్సు సంగతి నాయనలు మరిచిపోతారని ఆమె ఆశ. శుక్రుడికి ఇందులో నష్టమేమీ లేదని సమాధానపడింది. ఆ వెంటనే ఒక తువాలు తడిపి, ఆరేసే నెపంతో క్యాలెండరు మీద కప్పింది. ఆ రోజు నుంచి మెట్లెక్కే ప్రతి మనిషీ ఆ తువాలు వైపే చూస్తున్నట్టు ఆమెకు తోచేది. తువాలు ఆరిపోతే మళ్లీ తడిపేది.

మూఢం అద్భుతంగా పనిచేసింది. చిన్నబ్బ ఫోన్లోనే, "అయితే చవితి కానీలే" అన్నాడు. గుణశేఖర్ ఆ మాటను తన ఇంట్లోనూ అమలుచేశాడు. మిగతా ఇళ్లవాళ్లూ అందుకున్నారు. వారం పాటు వీధిలో ఒక్క ట్రంకు పెట్టె కదలలేదు. జ్ఞానాంబ మళ్లీ అన్నం తినసాగింది.

రెండో వారంలో కొత్త పిల్లల చేరికలు మొదలయ్యాయి. పలమనేరు నుంచి, కుప్పం నుంచి నాయనలు కూతుళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. ఫీజు భయం వల్ల ఈసారి తక్కువ మందే వచ్చారు. వచ్చినవాళ్లు ముందు జిలాన్ దగ్గర జెరాక్స్ తీయించుకుని, ఈ వీధిలో రూములున్నాయా అని అడిగారు. జిలాన్ నిజాయితీ గల మనిషి.

"ఉండాయి. కానీ మూఢమంట."

వాళ్లు కృతజ్ఞతతో దండం పెట్టి పక్క వీధికి వెళ్లి రూములు తీసుకున్నారు. పక్క వీధిలో మూఢం లేదు. శుక్రుడు మా వీధి మీద మాత్రమే అస్తమించడం ఖగోళ శాస్త్రంలో గమనింపదగిన విశేషం.

గుణశేఖర్ ఈ విశేషాన్ని ఆలస్యంగా గమనించాడు. గమనించిన రోజు చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి వచ్చాడు.

"అత్తా, ఈ మూఢం ఎప్పుడు పోతాది?"

"నా చేతిలో ఉండాదా?"

"ఏమో. మా బామ్మర్ది ఇంట్లో క్యాలెండర్లో మూఢమే ల్యాదంట."

"అది ఎవురిచ్చిన క్యాలెండరు?"

"టైర్లోళ్లు."

"టైర్లోళ్లకి శుక్రుడి సంగతేం తెలుసురా?"

"మీది పెయింట్లోళ్లు ఇచ్చింది కదత్తా!"

జ్ఞానాంబ ఈ దెబ్బకు తట్టుకోలేకపోయింది. కళ్లజోడు మొట్టమొదటిసారి కళ్లకు పెట్టుకుంది. గుణశేఖర్ గొంతు తగ్గించాడు. అతని మొహంలో కోపం లేదు. అది ఉండి ఉంటే ఆమెకు బాగుండేది.

"మా ఇంట్లో ఇద్దురాడపిల్లోళ్లు నేరుగా చెప్పేసినారత్తా. మూఢమూ ల్యాదు, గీఢమూ ల్యాదు, మీ అద్దె మేం కట్టలేం, పోతా ఉండామని. వాళ్లను చూసి మిగతావాళ్లూ పోతారు. పైన మూడో అంతస్తు, కింద లిఫ్టు గుంత. నిన్న వానకు గుంతలో నీళ్లు నిలబడినాయి. కప్పలు చేరినాయి. డీలక్స్ కప్పలు."

మర్నాడు గేటు దగ్గర పఠనం జరగలేదు. కాఫీ లోపలే తాగింది. పైవాటాలో పిల్లలు గుసగుసలాడుకుంటున్నారు, ఆమె అడుగు వినబడితే ఆపేస్తున్నారు. లోహిత ఆమెను చూసి రెండుసార్లు నోరు తెరిచి, ఏమీ అనకుండానే పైకి వెళ్లిపోయింది. చెప్పలేక వెళ్లే పిల్లలు అలాగే ఉంటారని జ్ఞానాంబకు తెలుసు. ఆమె లోపల కూర్చుని, పైన ఎవరూ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుంది. మోటారు వేసే పని ఉండదు. ట్యాంకులో నీళ్లు నాచు పట్టి పచ్చగా అవుతాయి. రాహుకాలం చదివినా గడప దాటవలసిన వాళ్లు ఉండరు.

మధ్యాహ్నం కాగానే పైన చప్పుడు మొదలైంది. బరువైనదేదో గచ్చు మీద ఈడుస్తున్నారు. ఆగింది. మళ్లీ ఈడ్చారు. ట్రంకు పెట్టె చప్పుడు ఆమెకు తెలుసు. ఇది అంతకన్నా పెద్దది. అన్నీ కలిపి ఒక్కసారే తీస్తున్నారన్నమాట.

ఆమె మెట్ల దగ్గరికి వచ్చి తల ఎత్తింది. గోడ మీద తువాలు లేదు. క్యాలెండరు పూర్తిగా తెరుచుకుని ఉంది. శ్రావణ మాసం, గృహప్రవేశ ముహూర్తాలు, ఎర్ర అక్షరాలతో సహా, దారిన పోయే గుడ్డివాడికి కూడా కనబడేంత స్పష్టంగా ఉన్నాయి.

ఆమె గోడ పట్టుకుని మెట్లెక్కింది. తిట్టాలా, బతిమాలాలా అన్నది తేల్చుకోలేదు. తలుపు తీసే ఉంది. లోపల లోహిత, ఆమెతో ఉండే రూపశ్రీ కలిసి మంచాన్ని గోడకు నెడుతున్నారు, మిగతా ఇద్దరూ నేల మీద పుస్తకాలు సర్దుతున్నారు. రూపశ్రీ భుజం మీద ఆ తువాలు, దుమ్ముతో నల్లబడి ఉంది. గుమ్మం పక్కన కొత్తవాళ్లు ఇద్దరు, బ్యాగులు ఒళ్లో పెట్టుకుని, పరీక్ష హాలు బయట కూర్చున్నట్టు కూర్చున్నారు. వాళ్లు ఎదురింటి డాబా మీద బట్టలు ఆరేస్తుండగా జ్ఞానాంబ ఇదివరకు చూసింది.

ఆమెను చూడగానే ఆరుగురూ పనులాపి నిలబడ్డారు.

"అవ్వా, తిట్టొద్దండి" అంది లోహిత. "ముందే అడగాల్సింది. నలుగురికి మించి ఒప్పుకోరని బయపడినాం. వారం దినాలుగా అడగాలనే ఉండాం."

"ఏం అడగాలని?"

"వీళ్లు గుణశేఖరన్న ఇంట్లో కట్టలేకుండా ఉండారు. మేమూ ఈడ కట్టలేకుండా ఉండాం. ఆరుగురం పంచుకుంటే అందరికీ అయ్యేటట్ల ఉండాది. ఫీజు కోసినా సరే ఉండమన్నాడు మా నాయన. మీకు అద్దెలో ఒక్క రూపాయి తగ్గించంలే అవ్వా. మంచాలు తీసేసి చాపలు ఏసుకుంటాం."

జ్ఞానాంబ నోటికి వచ్చిన మాట ఆమె అనుకున్నది కాదు. "మూఢంలో వచ్చినారే?" అంది కొత్తవాళ్లతో.

వాళ్లలో చిన్నది తల వంచుకుంది. "బ్యాగులు మాత్రమే వచ్చినాయవ్వా. మేం మూఢం పోయినాక వచ్చినట్టు రాసుకోండి."

రూపశ్రీ నవ్వు ఆపుకోలేక తువాలు నోటికి అడ్డం పెట్టుకుంది, దుమ్ముకు తుమ్మింది.

"మూఢం ల్యాదని మీకు తెలుసా?" అంది జ్ఞానాంబ మెల్లగా.

"మొదటి దినమే ఫోన్లో చూసినాం" అంది లోహిత.

"మరి మీ నాయనకు చెప్పలేదే?"

"మా నాయనకి ఫోన్లో పంచాంగం చూసేది రాదు కదవ్వా."

జ్ఞానాంబ రూపశ్రీ చేతిలోని తువాలు తీసుకుని, దులిపి, భుజాన వేసుకుంది. "చాపలెందుకు, నడుములు పట్టేస్తాయి. కింద మా ఆయన మంచముండాది, ఇద్దురొచ్చి మోసుకోని పోండి" అంది.

మర్నాడు ఉదయం పఠనం యథావిధిగా జరిగింది. మూఢం ముగిసిందని ప్రకటించింది. శుక్రుడు ఎలా ఉదయించాడని ఎవరూ అడగలేదు. ఎదురింటి గేటుకు 'టు-లెట్' పలక అలాగే ఉంది. గుణశేఖర్ లిఫ్టు గుంత మీద రేకు కప్పించాడు, కప్పల అరుపు మాత్రం వినబడుతూనే ఉంది. పక్క ఇళ్లలోనూ పిల్లలు మంచాలు జరుపుకుంటున్నారు. ముగ్గురున్న చోట ఐదుగురు చేరితే ఇంకెక్కడో ఒక రూము ఖాళీ అవుతుందని జిలాన్ అందరికీ చెబుతున్నాడు. ఫీజు ఉంటుందో ఉండదో ఇంకా తేలలేదు. ఇంత భయం ఒక వీధికి పట్టడం అదే మొదటిసారని, ఇకముందు ఏ తాడు కట్టిన మోటారుసైకిలు శబ్దమైనా జ్ఞానాంబకు గుండె దడ పుట్టిస్తుందని, ఈ చరిత్రను ఇంత గంభీరంగా ముగించాలని ఉంది.

కానీ ఆ ఆదివారానికి పైవాటా బాత్రూము జాలీ మూసుకుపోయింది.